మంత్ అన్న మాట ఎక్కడిది, దాని కొలత ఎంత?

ఒడిశాలోని గుణుపురంలో అద్దెకుంటున్న మీరు మూడు సంగతులు అడిగారు. ఇంగ్లీషు ‘మంత్’ అన్న మాటకూ చంద్రుడికీ సంబంధం ఉందా అన్నది మొదటిది. ఒడియావారైన మీ ఇంటి యజమానికి కార్తిక మాసం మనకంటే పదిహేను రోజుల ముందే ఎందుకు వస్తుందన్నది రెండవది. అద్దె ఒప్పందంలో ‘ఒన్ మంత్ నోటీస్’ అని ఉన్నప్పుడు జనవరి 31న ఇచ్చిన నోటీసు ఎన్నటితో ముగుస్తుందన్నది మూడవది. ఇవి వేరువేరు ప్రశ్నల్లా కనిపించినా మూడింటి వెనుకా ఉన్న చిక్కు ఒక్కటే. చంద్రుణ్ణి చూసి పెట్టిన పేరు ఒకటి, తరువాత చంద్రుడితో పనిలేని కొలతలకు కూడా అతుక్కుపోయింది. పర్లాకిమిడిలో బడిపిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, మా నాన్నగారు దస్తావేజు లేఖరి కావడంతో సాయంత్రాలు ఆయన బల్ల దగ్గర కూర్చుని పాత కాగితాలు చదివినవాణ్ణి కనుక, ఈ మాటను పుట్టుక వైపు నుంచీ వాడుక వైపు నుంచీ కూడా చూసే అవకాశం నాకు దొరికింది.

ప్రాచీన ఇంగ్లీషులో చంద్రుణ్ణి ‘మోన’ అనీ, నెలను ‘మోనథ్’ అనీ అనేవారు. మొదటిది నేటి ‘మూన్’ అయింది, రెండవది ‘మంత్’ అయింది. జర్మన్‌లో ‘మోంట్’ అంటే చంద్రుడు, ‘మోనాట్’ అంటే నెల. గ్రీకులో ‘మేనే’ చంద్రుడు, ‘మేన్’ నెల. లాటిన్‌లో నెలకు ‘మెన్సిస్’ అన్న మాట నిలిచింది గాని, చంద్రుడికి మాత్రం ‘లూనా’ అన్న వేరే పేరు వచ్చి కూర్చుంది. సంస్కృతంలో ‘మాస్’ అన్న శబ్దానికి చంద్రుడు, నెల అన్న రెండర్థాలూ ఉన్నాయి. చంద్రమస్ అన్న పేరులోని చివరి ముక్క అదే, మనం పంచాంగంలో చదివే మాసమూ అదే. పారసీకంలో ‘మాహ్’ కూడా ఇంతే: చంద్రుడూ అదే, నెలా అదే. ఇవన్నీ ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలనడంలో భాషావేత్తలకు సందేహం లేదు. ఆ కుదురుకు మూలం ‘కొలుచుట’ అన్న అర్థమున్న ధాతువు అని వారిలో ఎక్కువమంది భావిస్తారు. మానం, ప్రమాణం, మాత్ర అన్న మాటల్లో మనకు వినిపించే ‘మా’ ధాతువు అదే. ఆ లెక్కన చంద్రుడు కాలాన్ని కొలిచేవాడు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక కుటుంబంలోని భాషలు. ఆ కుటుంబంతో ఏ చుట్టరికమూ లేని తెలుగు కూడా స్వతంత్రంగా ఇదే పని చేసింది. ‘నెల’ అంటే మనకు ముప్పై రోజులు మాత్రమే గుర్తుకు వస్తాయి గాని, ఆ మాటకు మొదటి అర్థం చంద్రుడే. నెలవంకలో ఉన్నది ఆ నెలే. వెన్నెల అంటే తెల్లని నెల. తలపై చంద్రుణ్ణి ధరించిన శివుడు నెలతాల్పు. తమిళంలో ‘నిలా’ చంద్రుడి దగ్గరే ఆగిపోయింది గాని, అక్కడ ‘తింగళ్’ అన్న మరో మాట చంద్రుడినీ నెలనీ రెండింటినీ చెబుతుంది. కన్నడంలో ‘తింగళు’ కూడా అంతే. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే ఇన్ని భాషలు ఒకే దారి పట్టడంలో వింతేమీ లేదు. గడియారమూ కాగితమూ లేని మనిషికి రోజు కంటే పెద్దదీ, ఏడాది కంటే చిన్నదీ అయిన కాలాన్ని చూపించడానికి ఆకాశంలో ఉన్న గుర్తు అదొక్కటే.

‘మంత్’ చుట్టాలు ఇంగ్లీషులో అనుకోని చోట్ల తగులుతాయి. ‘సెమిస్టర్’ అంటే లాటిన్‌లో ఆరు నెలలది అని అర్థం. నాలుగు నెలలకే పరీక్షలు పెట్టి దాన్ని సెమిస్టర్ అనే కళాశాలలు ఈ సంగతి పట్టించుకోవు. గర్భిణుల విషయంలో వైద్యులు వాడే ‘ట్రైమిస్టర్’ మూడు నెలలది. ‘మెన్సెస్’ అంటే లాటిన్‌లో నెలలు, అంతే. మన ‘నెలసరి’తో పోల్చి చూస్తే రెండు మాటలూ ఒకే ఆలోచన నుంచి పుట్టాయని తెలుస్తుంది. ‘మెనోపాజ్’లో ఉన్నది గ్రీకు ‘మేన్’. మోకాలి కీలులో అరిగిపోయిందని ఎముకల వైద్యుడు చెప్పే ‘మెనిస్కస్’ అంటే చిన్న చంద్రుడు, మన మాటలో నెలవంక. ఆ మెత్తని ఎముక వంపు చూసి పెట్టిన పేరది. ‘హనీమూన్’ పదహారవ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో కనిపిస్తుంది. ఆ మాట పుట్టినప్పుడు విహారయాత్ర ఊసే లేదు. పెళ్లైన తొలి నెల తేనెలా ఉంటుంది, పున్నమి తరువాత చంద్రుడిలాగే తరిగిపోతుంది అన్న కొంటెతనం మాత్రం అందులో ఉంది.

పేరు చంద్రుడిదైతే నేటి నెలలు చంద్రుడితో ఎందుకు కలవవు? ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అలాంటివి పన్నెండు కూడితే సుమారు 354 రోజులు. ఋతువులు నడిచే సూర్యుడి ఏడాదికి ఇది దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఈ పదకొండు రోజులను ఏం చేయాలన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెప్పారు. ముస్లిములు చంద్రుణ్ణే నమ్ముకుని ఋతువులను వదిలేశారు. అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలంలోనూ చలికాలంలోనూ వస్తుంది. మనం రెండున్నరేళ్లు దాటాక ఒక అధిక మాసం వేసి సరిదిద్దుకున్నాం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది అందుకే. రోమన్లు చివరకు చంద్రుణ్ణే వదిలేశారు.

అయితే వారు మొదట చంద్రుణ్ణి చూసినవారే. కొత్త నెలవంక కనబడగానే పూజారి జనాన్ని పిలిచి ప్రకటించేవాడు. లాటిన్‌లో ‘కలారే’ అంటే బిగ్గరగా పిలవడం. అలా పిలిచి చెప్పిన నెల మొదటి రోజు ‘కలెండే’ అయింది. అప్పుల మీద వడ్డీ కట్టవలసిన రోజు కూడా అదే కనుక, వడ్డీవ్యాపారి ఖాతాపుస్తకానికి ‘కలెండారియం’ అన్న పేరు వచ్చింది. మన గోడకు వేలాడే క్యాలెండరు తాత ఆ అప్పుల పుస్తకమే. మా నాన్నగారి బల్ల మీద చూసిన ప్రామిసరీ నోట్లలో ‘నెల ఒక్కింటికి నూటికి రూపాయి వంతున వడ్డీ’ అన్న వాక్యం తప్పకుండా ఉండేది. నేటికీ తెలుగువాడు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు అనే అర్థం, ఏడాదికి ఇరవై నాలుగు. ఏడాదికి ఇంత శాతం అని చెప్పే బ్యాంకు లెక్క మన నోటికి ఇంకా పట్టలేదు. నెల, అప్పు అన్నవి రోములోనూ ఇక్కడా కూడా కలిసే నడిచాయి. చాంద్రమాసాల లెక్కన వడ్డీ కట్టించుకుంటే అధిక మాసం వచ్చిన ఏడు పదమూడు నెలల వడ్డీ రాబట్టవచ్చు కనుక, నోటులో ఏ నెలో తేల్చుకోవడం అప్పు తీసుకునేవాడికే ఎక్కువ అవసరం.

జూలియస్ సీజరు క్రీస్తుపూర్వం 46లో పాత లెక్కను సంస్కరించాడు. అంతకుముందు రోమన్ల ఏడాదికి 355 రోజులు: నాలుగు నెలలకు 31 చొప్పున, ఫిబ్రవరికి 28, మిగిలిన ఏడింటికి 29 చొప్పున. సీజరు పది రోజులు పెంచి వాటిని 29 రోజుల నెలలకు పంచాడు, ఫిబ్రవరిని ముట్టుకోలేదు. అగస్టస్ చక్రవర్తి తన పేరున ఉన్న నెల చిన్నబోతుందని ఫిబ్రవరి నుంచి ఒక రోజు లాక్కున్నాడన్న కథ వాట్సాప్‌లో తరచు తిరుగుతూ ఉంటుంది. అది పదమూడవ శతాబ్దంలో ఒక పండితుడి రాతలతో ప్రచారమైన కథ. ఆ నెలకు ‘సెక్స్‌టిలిస్’ అన్న పాత పేరు ఉన్నప్పుడే సీజరు దానికి 31 రోజులు ఇచ్చాడు. క్రీస్తుపూర్వం 8లో మారింది పేరు ఒక్కటే.

ఇక మీ రెండవ ప్రశ్న. మన ప్రాంతంలో తెలుగిల్లు, ఒడియా ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి గనుక ఇది పుస్తకాల్లో ఉండే విషయంగా కాక వంటింటి విషయంగా మనకు ఎదురవుతుంది. తెలుగువారి నెల అమావాస్యతో ముగుస్తుంది. దాన్ని అమాంతం అంటారు. ఒడియావారి పంచాంగమైన పాంజిలో పండుగలకు వాడే నెల పున్నమితో ముగుస్తుంది, అది పూర్ణిమాంతం. శుక్ల పక్షం రెండింటిలోనూ ఒకే పేరుతో ఉంటుంది. కృష్ణ పక్షం దగ్గరే పేరు మారిపోతుంది: మనకు ఆశ్వయుజ బహుళమైనది వారికి కార్తిక కృష్ణం. దీపావళి ఇద్దరికీ ఒకే రాత్రి వస్తుంది, కాని మనం దాన్ని ఆశ్వయుజ అమావాస్య అంటాం, వారు కార్తిక అమావాస్య అంటారు. కృష్ణాష్టమి మనకు శ్రావణం, వారికి భాద్రపదం. తిథి మారదు, పండుగ మారదు, నెల పేరు మాత్రం మారుతుంది.

రోజును బట్టి జరిగే పండుగలకు దీనివల్ల ఇబ్బంది లేదు. నెలంతా పట్టే నోముల దగ్గరే తేడా కనిపిస్తుంది. 2023నే తీసుకోండి. ఆశ్వయుజ పున్నమి అయిన కుమార పూర్ణిమ మరునాడు, అక్టోబరు 29 నుంచి నవంబరు 27 వరకు ఒడియావారికి కార్తికం. మనకు దీపావళి అమావాస్య వెళ్లిన తరువాత నవంబరు 14న మొదలై డిసెంబరు 12న ముగిసింది. కార్తిక పూర్ణిమ మరునాడు వారికి ఛాడఖాయి, అంటే నెల రోజులు మానుకున్న మాంసం మళ్లీ ముట్టే రోజు. ఆ ఉదయం పర్లాకిమిడి చేపల బజారులో బేరం ఆడే ఓపిక ఎవరికీ ఉండదు. మేకమాంసం దుకాణం ముందు వరుస వీధి మలుపు దాకా సాగుతుంది. అదే వీధిలో తెలుగిళ్లలో ఉసిరికొమ్మ ఇంకా తులసికోట దగ్గరే ఉంటుంది, ఉల్లిపాయ ఇంకా లోపలికి రాదు, పోలి పాడ్యమికి అరటిదొప్పలు వదిలేదాకా మరో పక్షం ఓర్చుకోవాలి. రెండు భాషలూ మాట్లాడే కుర్రాళ్లు ఆ పదిహేను రోజులూ ఏ ఇంట భోజనం చేయాలో తేల్చుకోవడంలో చూపే నేర్పు వేరే చెప్పనక్కరలేదు.

మార్గశిరం ఇంకా చూడదగినది. మనవైపు గురువారాన్ని లక్ష్మీవారం అంటాం, మార్గశిర లక్ష్మీవారాలకు గడప కడిగి ముగ్గు పెట్టి అమ్మవారిని పూజిస్తాం. ఒడియా ఇళ్లలో అదే మాసంలో గురువారాలు మాణబసా. కొత్త ధాన్యం నింపిన మాణను, అంటే కొలపాత్రను, లక్ష్మిగా నిలిపి, తడిబియ్యం పిండితో వాకిలి నుంచి లోపలిదాకా అడుగుల బొమ్మలు వేస్తారు. దేవత ఒకటే, వారం ఒకటే, మాసం పేరూ ఒకటే. అయినా 2023లో వారి మొదటి గురువారం నవంబరు 30 అయితే మన మొదటి లక్ష్మీవారం డిసెంబరు 14. రెండిళ్ల పూజలూ కలిసిన గురువారాలు డిసెంబరు 14, 21 మాత్రమే. ఎవరో లెక్క తప్పారని అనుకోనక్కరలేదు. శుక్ల పక్షంలో పడిన గురువారాలు ఇద్దరికీ ఉమ్మడివి, మిగిలినవి ఎవరివి వారివి. మహారాష్ట్ర సరిహద్దున సిరోంచ వైపు ఉన్న తెలుగువారికి ఈ తికమక లేదు, మరాఠీ పంచాంగం కూడా అమాంతమే.

వీటికి తోడు సూర్యుడి నెల ఒకటుంది. ఒడియావారి కొత్త సంవత్సరం ఉగాదికి కాక ఏప్రిల్ నడుమ మేష సంక్రాంతికి వస్తుంది. మనవాళ్లు మాకు చాంద్రమానమే అంటూనే, డిసెంబరు నడుమ సూర్యుడు ధనుస్సులోకి రాగానే ‘నెలగంట పెట్టారు’ అంటారు, భోగి వరకు ఆ నెల నడుస్తుంది. చంద్రుడి పేరైన నెలను సూర్యుడి లెక్కకు తగిలించామన్న ఊహ కూడా ఎవరికీ రాదు. ఇంగ్లీషువాడు జనవరిని ‘మంత్’ అన్నప్పుడు చేసిందీ సరిగ్గా అదే పని.

ఇప్పుడు అద్దె నోటీసు. ఇంగ్లండులో పాత న్యాయం ప్రకారం, కాగితంలో వేరుగా చెప్పకపోతే ‘మంత్’ అంటే ఇరవై ఎనిమిది రోజులు, అంటే నాలుగు వారాలు. పద్దెనిమిదవ శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ దీని ఫలితాన్ని తేటగా చెప్పాడు: ‘ట్వెల్వ్ మంత్స్’కు కౌలు అని రాస్తే నలభై ఎనిమిది వారాలే, ‘ఎ ట్వెల్వ్‌మంత్’ అని ఏకవచనంలో రాస్తే నిండు సంవత్సరం. ఒక్క అక్షరం తేడాకు కౌలుదారు నెల రోజులు పోగొట్టుకోగలడు. ఆ దేశంలో 1850లో శాసనాల విషయంలోనూ, 1925లో దస్తావేజుల విషయంలోనూ క్యాలెండరు నెల అన్న అర్థాన్ని చట్టం చేసి స్థిరపరిచారు.

ఇరవై ఎనిమిది రోజుల నెల పూర్తిగా పోయిందని మాత్రం అనుకోకండి. మీ చేతిలోని ఫోనులో అది బతికే ఉంది. నెల ప్యాకు అని మనం అనుకునేది ఎక్కువగా 28 రోజులది. పదమూడు రీచార్జులు చేస్తే 364 రోజులు, అంటే ఏడాదికి పన్నెండుసార్లు కట్టాలనుకున్నవాడు పదమూడుసార్లు కడతాడు. దీనిమీద ఫిర్యాదులు రాగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో, ప్రతి సంస్థా కనీసం ఒక ముప్పై రోజుల ప్యాకూ, ప్రతి నెలా అదే తేదీన రీచార్జు చేసుకునే ప్యాకు ఒకటీ ఇవ్వాలని ఆదేశించింది. కొనేముందు ‘వాలిడిటీ’ దగ్గర ఏ అంకె ఉందో చూడండి.

మన దేశంలో చట్టం వరకు సందేహం లేదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం మూడవ సెక్షనులో ‘మంత్’ అంటే బ్రిటిష్ క్యాలెండరు ప్రకారం లెక్కించే నెల అని ఉంది. కాబట్టి కేంద్ర చట్టాల్లో గడువు నెలల్లో ఉంటే అది 28 రోజులూ కాదు, 30 రోజులూ కాదు. ఏ తేదీన గడువు మొదలైందో పై నెలలో అదే అంకె గల తేదీన ముగుస్తుంది. ఆ నెలలో అలాంటి తేదీ లేకపోతే ఆ నెల చివరి రోజున ముగుస్తుంది. ప్రామిసరీ నోట్ల చట్టంగా మనకు తెలిసిన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 23వ సెక్షను దీనికి ఉదాహరణే ఇచ్చింది. 1878 జనవరి 29న రాసి నెలకు చెల్లించవలసిన పత్రం ఫిబ్రవరి 28 తరువాత మూడవ రోజున పరిపక్వమవుతుంది; ఆ మూడు రోజులు చట్టం విడిగా ఇచ్చిన వెసులుబాటు. 29వ తేదీ లేని ఫిబ్రవరిలో నెల 28తోనే నిండిందన్నది ఇక్కడ మనకు కావలసిన మాట.

నెలాఖరు తేదీల దగ్గర మనిషి మనసు తప్పుదారి పడుతుంది. ఇంగ్లండులో డాడ్స్, వాకర్ అనే కక్షిదారుల కేసు ఇందుకు మంచి సాక్ష్యం. ఇంటి యజమాని 1978 సెప్టెంబరు 30న నోటీసు ఇచ్చాడు. అద్దెదారు నాలుగు నెలల్లోగా కోర్టుకు వెళ్లాలి. సెప్టెంబరు చివరి రోజున మొదలైన గడువు జనవరి చివరి రోజుతో ముగుస్తుందనుకుని అతను 31న దరఖాస్తు పెట్టాడు. 30కి 30తోనే గడువు సరి, ఒక రోజు ఆలస్యమైందని 1981లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా 2010లో, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఒక మధ్యవర్తిత్వపు కేసులో, మూడు నెలలంటే తొంభై రోజులు కాదని చెప్పి ఇదే పద్ధతిలో లెక్క కట్టింది.

ఈ లెక్కన జనవరి 31న మీకు అందిన ఒక నెల నోటీసు ఫిబ్రవరి 28తో, లీపు సంవత్సరమైతే 29తో ముగుస్తుంది. మార్చి 1 అనో 2 అనో ముప్పై రోజులు కూడి చూపించే వాదన నిలవదు. ఒప్పందంలో గడువు రాసుకోకపోతే, నెలనెలా నడిచే ఇంటి అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను పదిహేను రోజుల నోటీసు చాలునంటుంది. మీరు ఒక నెల అని రాసుకున్నారు కనుక మీకు ఆ నెలే వర్తిస్తుంది. అదే సెక్షను గడువును నోటీసు రాసిన రోజు నుంచి కాక అందిన రోజు నుంచి లెక్కించమంటుంది. అందువల్ల పోస్టులో వచ్చిన కవరు పారేయకుండా, అందిన తేదీ దానిమీదే రాసి దాచుకోండి. మీ యజమానితో మాట్లాడేటప్పుడు ‘మాఘం వెళ్లాక’ అన్నట్టు మాసం పేరుతో మాట ఇవ్వకండి. మీ మాఘం ఆయన మాఘం కంటే పదిహేను రోజులు ఆలస్యంగా ముగుస్తుంది. ఖాళీ చేసే రోజును ఇంగ్లీషు తేదీతో కాగితం మీద వేయించుకుని ఇద్దరూ సంతకం చేయండి.